సాఫ్ట్‌వేర్ ఉద్యోగి – ఇష్టాపూర్తములు

శాస్త్రవిహితమైన సత్కర్మలను మన పూర్వులు ఇష్టము, పూర్తము అని రెండు పాయలుగా విభజించారు. అగ్నిహోత్రాది యజ్ఞకర్మలు, వేదాధ్యయనం, అతిథి సత్కారం మొదలైనవి ఇష్టం. బావి త్రవ్వించడం, చెరువు కట్టించడం, తోట నాటించడం, అన్నదానం వంటివి పూర్తం. మొదటిది గృహంలో జరిగేది. రెండవది ఊరి దాహం తీర్చేది. కంప్యూటరు ముందు కూర్చుని జీవిక సాగించే నేటి యువతరానికి ఈ ప్రాచీన విభాగంతో ఏమి ప్రయోజనమన్న సందేహం కలగవచ్చు. ఒక యువకుని వృత్తాంతం చెప్పుకుంటే ఆ సందేహం కొంత తీరుతుంది.

అతడు హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. స్వస్థలం తెనాలి. తండ్రి గతించిన సంవత్సరమే, డాలస్‌లో ఉన్న పెదనాన్న కుమారుడు తన తండ్రి ఆబ్దికం అక్కడ ఏ రోజున పెట్టాలో తేలక ఫోను చేశాడు. తెనాలి పంచాంగంలోని తేదీ డాలస్‌కు చెల్లుతుందన్న నియమం లేదు. సూర్యచంద్రుల మధ్యగల దూరాన్ని బట్టి తిథి ఏర్పడుతుంది కనుక భూమండలమంతటికీ అది ఏకక్షణంలోనే ఆరంభమవుతుంది. కాని ఆ క్షణానికి తెనాలిలో మధ్యాహ్నమైతే డాలస్‌లో అర్ధరాత్రి దాటి ఉంటుంది. పైగా ఆబ్దికానికి తిథిని సూర్యోదయంతో కాక అపరాహ్ణంతో నిర్ణయించాలి. పగటిని అయిదు భాగాలు చేస్తే నాలుగవ భాగం అపరాహ్ణం. ఆ వేళకు తిథి వ్యాపించి ఉండాలి. మన యువకుడు కొన్ని రాత్రులు కూర్చుని, ఏ ఊరి అక్షాంశ రేఖాంశాలు ఇచ్చినా అక్కడి సూర్యోదయాస్తమయాలు గణించి, మృతతిథి ఏ తేదీన వస్తుందో చెప్పే చిన్న యాప్ ఒకటి నిర్మించాడు. మొదటి రూపంలో ఉదయతిథినే స్వీకరించాడు. కుటుంబ పురోహితుడు దోషం చూపితే దిద్దుకున్నాడు. ఉచితంగా అందరి ముందూ పెట్టాడు. ఆ నోటా ఈ నోటా పాకి, ప్రవాసంలో ఉన్న అనేక కుటుంబాలకు అది ఆధారమయింది. ఉద్యోగం కాక స్వంత పూనికతో చేసే ఇటువంటి పనిని ఆ రంగంలో సైడ్ ప్రాజెక్టు అంటారు.

పగలంతా కంపెనీ పని. అమెరికా తూర్పు తీరంలో ఉదయం పది గంటలైతే ఇక్కడ సాయంత్రం ఏడున్నర, చలికాలంలో ఎనిమిదిన్నర. సమావేశాలన్నీ ఆ వేళకే. రాత్రి పదకొండు దాటాక యాప్ పని. అధికమాసంలో గతించినవారి ఆబ్దికం ఏ మాసంలో చూపాలని ఒకరు, అమెరికాలో మార్చి రెండవ ఆదివారం గడియారాలు గంట ముందుకు జరిపిన తరువాత లెక్క తప్పుతున్నదని మరొకరు వ్రాస్తూనే ఉంటారు. జీతం ఇచ్చే యజమాని కంటే ఉచితంగా పుచ్చుకొనేవారి గద్దింపు తరచు కఠినంగా ఉంటుంది. అన్నదాన సత్రాలు నడిపినవారికి ఇది క్రొత్త విషయం కాదు.

అతనికి యాత్రలంటే ప్రీతి. రెండుమార్లు వాయిదాపడిన గోకర్ణ ప్రయాణం మాఘమాసంలో కుదిరింది. మిత్రులతో సముద్రతీరం వెంబడి కొండలెక్కి నడవాలని సంకల్పం. లాప్‌టాప్ సంచిలోనే ఉన్నది. ఫోనులో మ్రోగే గంటలన్నింటినీ మూయించాడు. ఆ రోజు మాఘ బహుళ సప్తమి, అతని తండ్రి తిథి. యాప్‌లో అందరికంటే ముందు నమోదైన తిథి అదే. ముందునాడూ ఆనాడూ అది జ్ఞాపకం చేసింది, వినిపించలేదు. అదే రోజున అదే యాప్ మరెందరికో వారి వారి పెద్దల తిథిని గుర్తుచేసింది. వారు స్నానం చేసి మడి కట్టుకున్నారు.

సాయంత్రం చూసుకుంటే తల్లి చేసిన ఫోన్లు నాలుగు. అతడు చేయగానే ఆమె, "సిగ్నలు అందలేదేమోలే నాన్నా. పురోహితుడు గారు ఒంటిగంట దాకా చూశారు. స్వయంపాకం ఇచ్చి పంపించాను. నువ్వేమైనా తిన్నావా?" అన్నది. బియ్యం, కందిపప్పు, అరటికాయలు, నెయ్యి, దక్షిణ ఒక పళ్ళెంలో సర్ది ఇచ్చింది. ఒంటరి గృహిణి చేయగలిగింది అంతే. మహాబలేశ్వరుడు వెలసిన గోకర్ణం పితృకార్యాలకు ప్రసిద్ధమైన క్షేత్రం. తండ్రులకు పిండప్రదానం చేయడానికి ఎక్కడెక్కడినుండో జనం వచ్చే కోటితీర్థం అతడు కూర్చున్న తీరానికి కొద్ది కిలోమీటర్ల దూరంలోనే ఉన్నది.

ఈ సంగతి విన్న మిత్రులు ఏకకంఠంతో ఇచ్చిన సలహా సమతుల్యం పాటించమని. ఉద్యోగానికి ఇన్ని గంటలు, స్వంత పనికి ఇన్ని, విహారానికి ఇన్ని, ఇంటికి ఇన్ని అని పంచుకుంటే చాలునట. ఈ మాట నేడు ప్రతి నోటా వినిపిస్తున్నది. కాని ఈ వృత్తాంతంలో లోపించింది గంటలేనా? ఆబ్దికానికి కావలసింది ఒక్క రోజు. అతని వద్ద మూడు రోజుల సెలవు ఉన్నది. లోపించింది క్రమం. ఏది తప్పనిసరి, ఏది సందర్భాన్ని బట్టి వచ్చేది, ఏది కోరికతో పెట్టుకున్నది అన్న వివేకం లేనప్పుడు నలభై ఎనిమిది గంటల రోజు ఇచ్చినా ఫలితం ఇంతే.

మన మీమాంసకులు కర్మను నిత్యం, నైమిత్తికం, కామ్యం అని విభజించి చూపింది ఇందుకే. నిత్యకర్మకు ప్రత్యేక ఫలం చెప్పరు. మానివేస్తే మాత్రం ప్రత్యవాయం చెబుతారు. సాఫ్ట్‌వేర్ వృత్తిలో ఉన్నవారికి ఇది సులభంగా బోధపడవలసిన సంగతి. ప్రతిరాత్రీ తీసుకునే బ్యాకప్‌ను ఎవరూ మెచ్చుకోరు. అది తీసుకోలేదని తెలిసేది యంత్రం చెడిపోయిన రోజున. సంధ్యావందనం, తల్లితో రెండు మాటలు, పిల్లవాని చదువు చూడడం, వేళకు భోజనం, వేళకు నిద్ర ఈ కోవలోనివి. సాయంసంధ్య వేళకే సమావేశం ఉంటే ఏమి చేయాలని అడిగేవారున్నారు. శాస్త్రం అంత నిర్దయ కాదు. ముఖ్యకాలం దాటితే ప్రాయశ్చిత్తార్ఘ్యం ఒకటి అదనంగా ఇచ్చి చేసుకోమన్నది. ఆలస్యానికి దారి ఉన్నది. అసలు మానివేసి, ఆదివారం నాడు ఏడురోజులదీ కలిపి చేస్తానంటే మాత్రం దానికి విధి లేదు. నేటి వారాంతపు జీవనమంతా ఈ కలిపి చేయడమే కదా.

ఇక రెండవ పక్షం వారున్నారు. ఆ యాప్ అంతా వ్యర్థ వ్యాసంగమనీ, దానిని మానివేసి తల్లిని చూసుకోమనీ చెప్పే పెద్దలు వీరు. వీరితో ఏకీభవించడం కష్టం. తెలుగునాట సప్తసంతానములని ఒక సంప్రదాయం ఉన్నది: పుత్రుడు, తటాకం, కావ్యం, నిధి, దేవాలయం, వనం, అగ్రహారం. మనుష్యుడు గతించిన తరువాత కూడా అతనిని నిలిపి ఉంచేవి ఇవి అని విశ్వాసం. కడుపున పుట్టిన కొడుకుతో సమానంగా చెరువును లెక్కించిన జాతి మనది. పరులకు తిథి తెలియజేసే యాప్, పదిమంది ఉపయోగించుకునేలా బహిరంగంగా విడిచిన ప్రోగ్రాము, ఈ కాలపు పూర్తకర్మలే. చెరువు కట్టించినవాడు చేసే జలాశయోత్సర్గం అనే క్రియను స్మరిస్తే పోలిక మరింత స్పష్టమవుతుంది. దానంలో ఒకరి స్వత్వం మరొకరికి సంక్రమిస్తుంది. ఉత్సర్గంలో కర్త తన స్వత్వాన్ని వదలి జలాన్ని సర్వప్రాణులకూ విడుస్తాడు. ఆ తరువాత తానూ ఆ నీరు త్రాగవచ్చు, కాని అందరిలో ఒకడుగా మాత్రమే. ఓపెన్ సోర్స్ అని వీరు చెప్పుకునే పద్ధతికి ఇంతకంటే దగ్గరైన భావం మరొకటి కనబడదు.

అయితే చెరువు కట్టడానికి ఉత్సాహం ఒక్కటే చాలదని కూడా మన పూర్వులు వ్రాసి పెట్టారు. కడప మండలంలోని పోరుమామిళ్ళలో విజయనగర రాజవంశీయుడు భాస్కర భవదూరుడు కట్టించిన పెద్ద చెరువు నేటికీ ఉన్నది. 1369 నాటి దాని శిలాశాసనం కేవలం రాజప్రశస్తి కాదు, తటాక నిర్మాణ శాస్త్రమే. వేయిమంది కూలీలు, నూరు బండ్లు, రెండు సంవత్సరాలు పట్టిందని చెబుతూ, మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలను, చెరువును చెడగొట్టే ఆరు దోషాలను అది పేర్కొన్నది. ఆ దోషాలు చదువుతుంటే శిల్పి నేటి యువకుల గదిలోకి తొంగి చూశాడా అనిపిస్తుంది.

రెండు రాజ్యాల సరిహద్దున ఉండడం అందులో ఒక దోషం. కంపెనీ ఇచ్చిన లాప్‌టాప్ మీద, కంపెనీ సమయంలో, తన స్వంత ప్రోగ్రాము వ్రాసుకునేవాడు సరిగ్గా ఆ సరిహద్దులోనే త్రవ్వుతున్నాడు. ఉద్యోగ ఒప్పందాలలో అనేకం ఉద్యోగి సృష్టించినదానిపై యజమానికి హక్కు వ్రాసుకుంటాయి. సంతకం చేసేనాడు ఆ పుట చదివేవారు అరుదు. గట్టు నుండి నీరు ఊరిపోవడం ఇంకొక దోషం. దీనికి వ్యాఖ్యానం అనవసరం, అరచేతిలోని ఫోనే వ్యాఖ్యానం. నడుమ తాబేలు వీపులా నేల ఉబ్బి ఉండడం మరొకటి. ఎంత నీరు వచ్చినా ఆ మిట్ట పైకి ఎక్కదు. నాలుగు ప్రాజెక్టులు ఆరంభించి, ఎన్ని నక్షత్రాలు వచ్చాయో, ఎందరు అనుసరిస్తున్నారో గంటకొకసారి చూసుకునేవాని హృదయంలోని మిట్ట అటువంటిదే.

అన్నిటికంటే ఆలోచించవలసిన దోషం, కొద్దిపాటి నీరు, తడపవలసిన విస్తారమైన పొలం. ఎక్స్‌జెడ్ అనే సంపీడన ప్రోగ్రాము కథ ఇందుకు దృష్టాంతం. ప్రపంచంలోని లినక్స్ యంత్రాలలో అధికభాగం ఏదో ఒక రూపంలో దానిపై ఆధారపడ్డాయి. దానిని పోషించింది చాలా ఏండ్ల పాటు దాదాపు ఒకే ఒక్కడు, జీతం లేకుండా. తన మానసికారోగ్యం సరిగా లేదనీ, ఇది వేతనం లేని అభిరుచి అనీ 2022లోనే అతడు బహిరంగంగా చెప్పుకున్నాడు. తొందరపెట్టేవారు తొందరపెడుతూనే ఉన్నారు. ఆ అలసట వేళ సహాయకుని వేషంలో ఒకరు చేరి, విశ్వాసం సంపాదించి, 5.6.0, 5.6.1 సంచికలలో దొంగదారి అమర్చారు. లాగిన్ కావడానికి అర సెకను అధికంగా పడుతున్నదేమని అనుమానించిన ఒక ఇంజనీరు 2024 మార్చి 29న దానిని బయటపెట్టకపోతే ఎంత విపత్తు జరిగేదో. గట్టు పలుచబడిన చెరువు ఒక ఇంటిని కాదు, దిగువనున్న ఊళ్ళన్నిటినీ ముంచుతుంది. కనుక తన నీరెంతో తెలుసుకోవడం స్వార్థం కాదు. నిద్ర చాలని, ఇంటి ధ్యాస లేని కర్త కట్టిన పూర్తం ఎవరికీ క్షేమం కాదు.

యాత్రల సంగతి సంక్షేపంగా చెప్పుకోవచ్చు. తీర్థయాత్రకు వెళ్ళేవాడు ఇంట్లో వారి భరణానికి ఏర్పాటు చేసి బయలుదేరాలని, తిరిగి వచ్చాక సమారాధన చేయాలని మన ఆచారం. కాశీకి వెళ్ళి వచ్చినవారు గంగపూజ చేసి పదిమందికి అన్నం పెట్టనిదే ఆ యాత్ర ముగిసినట్లు భావించరు. ఇంటిలో మొదలై ఇంటిలో ముగిసేది యాత్ర. ఏ కర్మకైనా ముందు చెప్పే సంకల్పంలో తాను ఏ నదుల నడుమ, ఏ మాసంలో, ఏ పక్షంలో, ఏ తిథినాడు ఉన్నాడో కర్త తన నోటితో చెప్పుకుంటాడు. తీరాన కూర్చుని హైదరాబాదు పని చేస్తూ, డాలస్ తిథి దిద్దుతూ, తాను ఉన్న చోటినీ ఆనాటి తిథినీ ఎరుగనివాడు సంకల్పం చెప్పవలసివస్తే ఏమని చెబుతాడు?

మూడూ ఒకే ప్రవాహంగా సాగిన జీవితం ఎక్కడైనా ఉన్నదా అంటే, ఉన్నది. అది మన దేశంలో కాదు, మన మతంలోనూ కాదు. సాఫ్ట్‌వేర్ రంగంలో విమ్ అనే సాధనం ఎరుగనివారు ఉండరు. దానిని రచించిన బ్రామ్ మూలెనార్ నెదర్లాండ్స్ దేశీయుడు. స్వంత అవసరానికి ఆరంభించిన ఆ పనిని 1991లో లోకానికి విడుదల చేశాడు. 1994లో తూర్పు ఆఫ్రికాలోని ఉగాండాకు వెళ్ళి, ఎయిడ్స్ వల్ల తల్లిదండ్రులను కోల్పోయిన బాలలు అసంఖ్యాకంగా ఉన్న దక్షిణ ప్రాంతంలో, కిబాలే బాలల కేంద్రంలో ఒక సంవత్సరం స్వచ్ఛందంగా పనిచేశాడు. అక్కడ అతడు చేపట్టింది త్రాగునీటి, పారిశుద్ధ్యపు ఏర్పాట్లు. పూర్తకర్మ అన్న శబ్దాన్ని అతడు విని ఉండడు. తిరిగి వచ్చాక ఆ ఊరిని మరువలేదు. విమ్‌ను ఉచితంగానే ఉంచి, మూల్యం ఇవ్వదలచినవారు ఆ బాలలకు ఇమ్మని కోరాడు. విమ్ తెరిస్తే మొదట కనబడే తెర మీద ఉగాండాలోని పేద బాలలకు సాయపడమన్న విన్నపం ఉంటుంది. హైదరాబాదులో, బెంగళూరులో ఎందరో దానిని ప్రతిదినం చూసి, చదవకుండానే దాటిపోతారు.

2006లో అతడు గూగుల్ సంస్థలో చేరాడు. ఉద్యోగమూ సాగింది, విమ్ కూడా సాగింది. 2023 ఆగస్టులో, 62వ ఏట గతించేవరకు దానికి ప్రధాన రక్షకుడు అతడే. ఇందులో ఒక్క అంశం మాత్రం విచార్యం. మూడు దశాబ్దాలు ఒక్కని భుజం మీద నిలవడం ఏ చెరువుకూ క్షేమకరం కాదు. అయినా అతని చుట్టూ ఎరిగినవారు ఉండబట్టి నిర్వహణ నిలిచింది. 2024 జనవరిలో వెలువడిన 9.1 సంచికను అతని స్మృతికి అంకితం చేశారు. అతని ప్రయాణం అతని పనిని మార్చింది. అతని పని ఆ ప్రయాణపు ఋణాన్ని తీరుస్తూ వచ్చింది. గంటలు పంచుకున్నందువల్ల కలిగిన పొందిక కాదిది.

తెనాలి యువకుడు గోకర్ణం నుండి ఆ రాత్రే బయలుదేరాడు. విఘ్నం వల్ల తప్పిన ఆబ్దికాన్ని ఆ కృష్ణపక్ష ఏకాదశినాడు గాని అమావాస్యనాడు గాని చేయవచ్చునన్న విధి ఉన్నది. మరపు విఘ్నమవుతుందా అని అతడు పురోహితుని అడిగాడట. ఆ ప్రశ్నకు పురోహితుడు సమాధానం చెప్పక, అమావాస్యకు రమ్మని మాత్రం చెప్పాడు. డాలస్ నుండి పెదనాన్న కుమారుడూ, ఆ యాప్ వాడే మరొకరూ దాని నిర్వహణలో పాలుపంచుకోవడానికి ఆ వారంలోనే అంగీకరించారు. ప్రోగ్రాము తాళపుచెవులు ముగ్గురి వద్ద ఉన్నాయి.

అమావాస్యనాడు తల్లి నాలుగు గంటలకే లేచి మడి నీళ్ళు పెట్టింది. ఫోనును ఆమె బీరువాలో బట్టల క్రింద పెట్టి తాళం వేసింది. భోక్తలు భోజనం చేసి వెళ్ళి, ఇంటివారు తినేసరికి మూడు దాటింది. ఆ సాయంత్రం ఎవరో వ్రాశారు, తమ ఊరికి ఫాల్గుణ శుద్ధ విదియ లెక్క తప్పుగా చూపుతున్నదని, ఇంత అశ్రద్ధ తగదని. దానికి డాలస్ నుండి సమాధానం వెళ్ళింది.